నాలుకాయన తిన్న చిన్న పళ్లేలు

మా మావగారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రెండే రెండు మాటలు మాట్లాడారు. ఒకటి ‘వడ్డించండి’. రెండోది ‘ఆపండి’. ఈ రెండు మాటలకీ గాజుసీసాల ఫ్యాక్టరీ వాళ్లు ఆయనకి ముప్ఫై ఒక్క సంవత్సరాలు నెలనెలా జీతమిచ్చారు. నేనేమో కుట్టుమిషన్లు అమ్ముతాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాగితే తప్ప ఒక్క మిషను దుకాణం గడప దాటదు. ఎవరి రాత వాళ్లది.

ఆ ఫ్యాక్టరీ క్యాంటీనులో ఒక పద్ధతి ఉండేది. వంట దించగానే ఒక్కో పదార్థం ఒక్కో గరిటె చొప్పున స్టీలు పళ్లెంలో పెట్టి మావగారి ముందుకి తేవాలి. ఎవరు వండితే వాళ్లే తేవాలి. ఆయన కౌంటరు పక్కన నిలబడి, నీళ్లు పుక్కిలించి, కళ్లు మూసుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకునేవారు. కొలిమి దగ్గర నుంచి వచ్చిన నాలుగొందల మంది కంచాలు పట్టుకుని, చెమటలు తుడుచుకుంటూ ఆయన గొంతు కేసే చూస్తుండేవారు. ముద్ద దిగాక ‘వడ్డించండి’ అంటే కౌంటరు తెరిచేవారు. ‘ఆపండి’ అంటే మళ్లీ పొయ్యి వెలిగేది. ఆకలి రుచెరుగదు మహాప్రభో, ఉన్నదేదో పెట్టించండి అని జనం మొత్తుకున్నా ఆయన చెవిన పెట్టేవారు కాదు. వాళ్లు వెనకాల తిట్టేవారు, ఎదురుగా నమస్కారం పెట్టేవారు, ఆ తర్వాత మారు అన్నం పెట్టించుకునేవారు. ఆయనకి నాలుకాయన అని పేరు పెట్టింది వాళ్లే.

‘బావుంది’ అన్న మాట మాత్రం ఆయన నోట ఎవరూ విన్న పాపాన పోలేదు. ‘ఒక్కసారి బావుందంటే నోటి ముత్యాలు రాలిపోతాయా’ అని మా అత్తగారు దెప్పితే, ‘వడ్డించమన్నానుగా’ అనేవారు. దానికన్నా పెద్ద పొగడ్త లోకంలో ఉన్నట్టు ఆయనకి తెలియదు. నా పెళ్లి భోజనాల్లో, జనమంతా బల్లల ముందు సర్దుకుని కూర్చున్నాక, కూర రుచి చూసి ‘ఆపండి’ అన్నారు. సొంత కూతురి పెళ్లి. పొద్దున్నుంచీ ఫొటోలకి నవ్వీ నవ్వీ దవడలు పీకుతున్న పెళ్లికొడుకుని, మధ్యాహ్నం మూడున్నరకి నోట్లో ముద్ద పెట్టుకున్నాను. పదమూడేళ్లయింది. నేను మర్చిపోలేదు.

కానీ నాకు జరిగింది ఆయన రెండో కూతురికి, అంటే మా మరదలికి జరిగినదాని ముందు ఏ పాటిది? ఆ పిల్ల బడి వదలగానే క్యాంటీనుకి వచ్చి, ఉల్లిపాయల బస్తాల మీద కూర్చుని పుస్తకాలు చదువుకుంటూ పెరిగింది. చదువు కాగానే అక్కడే వంటింట్లో సహాయకురాలిగా చేరింది. తండ్రి సిఫారసు చేశారనుకుంటారేమో. ఆయన వద్దనలేదు, అంతే. ఆయన నిఘంటువులో అది సిఫారసు. అసలు వంటవాళ్లు సెలవు పెట్టిన రోజున ఆమె వండేది. రెండేళ్లలో అలాంటి రోజులు పదకొండు వచ్చాయి. పదకొండు సార్లూ పళ్లెం పట్టుకుని తండ్రి ముందు నిలబడింది. పదకొండు సార్లూ ఆయన ‘ఆపండి’ అన్నారు. పదకొండోసారి ఆమె పళ్లెం ఆయన చేతిలోనే వదిలేసి, నాలుగొందల మంది చూస్తుండగా గేటు దాటి వెళ్లిపోయింది.

అలాగని తండ్రీకూతుళ్లు మాటలు మానుకోలేదు. ఆమె ఇంటికి వచ్చేది, నవ్వేది, కూరగాయలు తరిగేది, అంట్లు తోమేది. పొయ్యి మాత్రం వెలిగించేది కాదు. ఆరేళ్లలో ఆ ఇంట్లో ఆమె చేత్తో ఒక్క గ్లాసు కాఫీ కాచలేదు. మావగారు అడగనూ లేదు. పంతంలో ఆ కుటుంబం మొత్తం ఒకే అచ్చులో పోసిన సీసాలు.

ఆమె వంట చదువు చదివి, ఒక హోటల్లో గరిటె తిప్పి, ఇంకో హోటల్లో గిన్నెలు మోసి, చివరికి నగరం నడిబొడ్డున వెలిసిన కొత్త రెస్టారెంట్లో కుదురుకుంది. మన వంటలే, కాకపోతే కొత్త పద్ధతిలో, చిన్నచిన్న పళ్లేల్లో పెడతారట. పళ్లెం చిన్నదయ్యే కొద్దీ బిల్లు పెద్దదవుతుందన్న సూత్రం ఎవరు కనిపెట్టారో గానీ మహానుభావుడు. ఈమధ్య అక్కడి వంటిల్లంతా ఆమె చేతికి అప్పగించారు. ఆ వారమే నాకు ఫోను చేసింది.

“బావా, ఆదివారం మధ్యాహ్నం నాన్నని తీసుకురావాలి. అమ్మనీ, అక్కనీ కూడా.”

“నేను రావచ్చా, లేకపోతే డ్రైవరునేనా?”

“నువ్వు లేకపోతే ఆయన కదలరు. బావా, నవ్వకు. నాకు పేపరు వాళ్లు ఏం రాశారో అక్కర్లేదు, యజమాని ఏమన్నాడో అక్కర్లేదు. నాన్న నా వంట తిని ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆపమంటే ఆపమననీ. మళ్లీ నేర్చుకుంటా. కానీ నిజం చెప్పాలి. దానికోసమే ఆరేళ్లు ఆగాను.”

ఆ గొంతు విన్నాక నాకు వేళాకోళం చెయ్యబుద్ధి కాలేదు. నాకు అలా అనిపించడం చాలా అరుదు.

మావగారు రిటైరై అప్పటికి ఎనిమిది నెలలు. భోజనానికి రమ్మంటే ఆయన మొదట మోకాళ్ల నొప్పులన్నారు. కారులో వెళ్తామన్నాను. మంచి చొక్కా లేదన్నారు. మా ఆవిడ బీరువాలోంచి నాలుగు తీసి మంచం మీద పరిచింది. అరగడం లేదన్నారు. అక్కడ అరిగించుకోవాల్సినంత పెట్టరని నేను భరోసా ఇచ్చాను. విచిత్రమేమిటంటే అత్తగారు కూడా, “ఎందుకులే ఇప్పుడు, ఇంకోసారి వెళ్దాం” అని నసిగారు. చిన్నకూతురి మాటంటే పెరట్లో బావి కూడా తవ్వించే మనిషి ఆవిడ. పెద్దవాళ్ల చాదస్తమనుకుని ఇద్దరినీ కారెక్కించాను.

లోపలికి అడుగుపెట్టగానే కళ్లు కనిపించలేదు. పట్టపగలు కిటికీలన్నీ మూసేసి, ఒక్కో బల్ల మీద నిమ్మకాయంత దీపం పెట్టారు. తినేది సరిగ్గా కనబడితే గొడవలొస్తాయని కాబోలు. కుర్చీలు జరపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. పళ్లేలు మాత్రం మా పిల్లలు ఆడుకునే లక్కపిడతల సైజు. నల్ల చొక్కా, తీర్చిదిద్దిన గడ్డం ఉన్న ఒక నడివయసు మనిషి వచ్చి, చేతులు కట్టుకుని, “మాతో ఇదే మొదటి ప్రయాణమా?” అని అడిగాడు. ఇంటి దగ్గర నుంచి నలభై నిమిషాల ప్రయాణమేనని చెప్పాను. మా ఆవిడ బల్ల కింద నా కాలు తొక్కింది.

మొదటి పళ్లెం వచ్చింది. దాని మీద గాజుమూత, మూత కింద పొగ. నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. ఆ పెద్దలు ఇలాంటి చోట భోంచేసి ఉండరు. ఆ గడ్డమాయన మూత తీసి, అందులో ఉన్న వంకాయ పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. ఏ మట్టిలో పెరిగింది, ఏ కట్టె మీద కాలింది, ఎన్ని గంటలు విశ్రాంతి తీసుకుంది. నేను నా జీవితంలో ఆ వంకాయంత విశ్రాంతి తీసుకోలేదు. పొగ పోయాక చూస్తే మూడు ముక్కలున్నాయి. మేం నలుగురం.

ఇదే అసలు కిటుకని నాకు తర్వాత తెలిసింది. నలుగురు కూర్చుంటే మూడు పెడతారు. అయిదుగురు కూర్చుంటే నాలుగు పెడతారు. మొహమాటం కొద్దీ ఎవరో ఒకరు ఇంకో పళ్లెం తెప్పిస్తారు. కుటుంబమంతా ఒకరికొకరు ‘మీరు తీసుకోండి, కాదు మీరే’ అనుకుంటూ ఉంటే వాళ్ల కడుపు నిండుతుంది.

మావగారు ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. వంటింటి తలుపు గుండ్రటి అద్దం వెనక ఒక తెల్లటి టోపీ కదిలింది.

“వడ్డించండి,” అన్నారు మావగారు.

గడ్డమాయన తికమకపడ్డాడు. “వడ్డించేశామండి. ఇదేనండి.”

“అంటే నచ్చిందని అర్థం. లోపల అలాగే చెప్పండి,” అంది మా ఆవిడ, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా. ఆ ముక్క నిజంగానే అద్భుతంగా ఉంది. ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు, కానీ ఉంది. మెత్తగా, కాస్త తీపిగా, ఎక్కడో వెల్లుల్లి. రుచి తెలిసేలోపు అయిపోయింది.

రెండో పళ్లెంలో పప్పు. ఉగ్గుగిన్నెంత గిన్నెలో, పైన నురగ. “వడ్డించండి.” మూడో పళ్లెంలో పెరుగు, నోట్లో వేసుకుంటే బుడగలా పగిలే ఉండలు. “వడ్డించండి.” నాలుగోది నల్లటి బండరాయి మీద వచ్చింది, పుట్టగొడుగులు. “వడ్డించండి.” గడ్డమాయన ప్రతిసారీ లోపలికి వెళ్లి ఆ మాట అప్పజెప్పి వస్తున్నాడు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నేను ఏనుగు దాహానికి చూరునీళ్లు తాగుతూ కూడా సంతోషంగానే ఉన్నాను. పదకొండు ‘ఆపండి’లకి నాలుగు ‘వడ్డించండి’లు జమ పడ్డాయి కదా. అత్తగారు మాత్రం ముద్ద దిగనట్టు నీళ్లు తాగుతూ కూర్చున్నారు.

అప్పుడు అయిదో పళ్లెం వచ్చింది. గుమ్మడికాయ. ఈసారి పొగ లేదు, ఉపన్యాసమూ లేదు. గడ్డమాయన పళ్లెం పెట్టి గబగబా వెళ్లిపోయాడు. ఆకలి మీద ఉన్నాను కనక ముందు నేనే తీసుకున్నాను.

ఉప్పు. ఉప్పంటే ఉప్పు కాదు. మింగలేక కక్కలేక కళ్లు తేలేశాను. మా ఆవిడ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగింది. మావగారు మూడో ముక్క తీసుకున్నారు. నిదానంగా నమిలారు. మింగారు. మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

“వడ్డించండి,” అన్నారు.

ఒక్క నిమిషం గడిచిందో లేదో వంటింటి తలుపు తెరుచుకుంది. మా మరదలు టోపీ చేత్తో పట్టుకుని నేరుగా మా బల్ల దగ్గరకి వచ్చింది. మొహం ఎర్రగా ఉంది. పొయ్యి వేడి అనుకోవడానికి వీల్లేదు.

“నాన్నా, అందులో నాలుగింతలు ఉప్పు వేశాను. కావాలనే వేశాను.”

మావగారు పళ్లెం కేసి చూశారు.

“వరసగా నాలుగు సార్లు వడ్డించమన్నారని మా సర్వరు చెప్తుంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. మా నాన్న అలా అనరే అనుకున్నా. అందుకే ఇది పంపాను. ఇది తిని కూడా వడ్డించమన్నారు! పదకొండు సార్లు ఆపినప్పుడు ఏడ్చాను గానీ, కనీసం నన్ను వంటమనిషిలా చూశారనుకున్నా. ఇవాళ జాలిపడ్డారు. పోనీలే పాపం, పిల్ల బాధపడుతుందని అన్నీ బావున్నాయన్నారు. దీనికోసమా నాన్నా నేను ఆగింది?”

పక్క బల్లల వాళ్లు మా కేసి చూశారు. ఇంత సేపటికి వాళ్లకి కడుపు నిండేది ఏదో దొరికింది.

“జాలి కాదమ్మా,” అన్నారు మావగారు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. “నాకు తెలియలేదు.”

“ఏం తెలియలేదు?”

“ఉప్పు.”

అత్తగారే అందుకున్నారు. “రెండేళ్ల కిందట జ్వరం వచ్చింది చూడు, దాంతోనే పోయింది. ఉప్పు లేదు, కారం లేదు, తీపి లేదు. ఏది పెట్టినా తడిపిన అట్టముక్కలా ఉందంటారు. డాక్టరుకి చూపిస్తే రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు.”

నేను మనసులోనే లెక్క కట్టాను. జ్వరం రెండేళ్ల కిందట. రిటైరై ఎనిమిది నెలలు. అంటే పదహారు నెలల పాటు నాలుగొందల మంది భోజనాన్ని, నాలుక లేని నాలుకాయన పాస్ చేశారన్నమాట.

“మరి క్యాంటీను, మావయ్యగారూ?” అన్నాను. అడక్కుండా ఉండాల్సింది. నోరు నాది.

ఆయన కోప్పడలేదు. “కళ్లు మూసుకోవడం మానేశాను, అల్లుడుగారూ. ఎవరూ గమనించలేదు. పళ్లెం తెచ్చినవాడి మొహం చూసేవాణ్ణి. వండినవాడికి తెలుస్తుంది. పప్పు మాడితే వాడి చూపు నా బొత్తాల మీద ఉంటుంది, కళ్లలోకి రాదు. ఉప్పు ఎక్కువైతే అవసరం లేకపోయినా మాట్లాడతాడు. అన్నీ కుదిరితే ఆకలేస్తున్నవాడిలా నిలబడతాడు. అలా చూసే చెప్పేవాణ్ణి.”

“తప్పలేదా ఎప్పుడూ?”

“చెడ్డ వంట ఒక్కరోజు కూడా బయటికి పోలేదు. మంచి వంటే ఆగిపోయేది అప్పుడప్పుడు. వంటమనిషి పెళ్లాంతో పోట్లాడి వచ్చిన రోజున ఆపేశాను పాపం. మళ్లీ వండాడు. మొదటిదే నయమట.”

నాకు నవ్వొచ్చింది. ఆయన కళ్లు చూసి ఆపుకున్నాను. ఆ మనిషికి ముప్ఫై ఒక్క సంవత్సరాలకి ఉన్న ఆస్తి ఆ నాలుక ఒక్కటే. అది పోయిందని పెద్దకూతురికి చెప్పుకోలేదు, నాకు చెప్పుకోలేదు. నేను ఆయన్ని ఆదివారం ఆదివారం కూర రుచి గురించి ఆటపట్టిస్తూనే ఉన్నాను. సిగ్గేసింది.

“ఇవాళ కూడా మొహం చూసే చెప్పారా?” అంది మరదలు.

“ఎవరి మొహం చూడను? ఆ గడ్డం ఆయన అన్నిటికీ ఒకటే నవ్వు నవ్వుతాడు. మట్టి పెట్టినా అదే నవ్వు.” మావగారు బల్ల మీది గుడ్డని మడతలు పెట్టసాగారు. “నువ్వు పిలిచినప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నోరు రాలేదు. నా కూతురు ఆరేళ్ల తర్వాత తినమంటోంది, నాకు రుచి తెలీదని ఎలా చెప్పను? వచ్చాక ఆపమనడానికి ధైర్యం చాలలేదు. భయపడ్డానమ్మా. అంతే.”

మరదలు ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది. “మరి ఆ పదకొండు?” అంది.

“అవి నాలుకతోనే చెప్పాను.”

“పదకొండూనా?”

“పదకొండూ. ఆఖరి రోజు పప్పు మాడింది.”

“మాడింది,” అని ఒప్పుకుంది మరదలు. చిన్నగా నవ్వింది. ఆరేళ్ల పంతం ఒక్క మాడు పప్పు దగ్గర తెగిపోవడం నేను కళ్లారా చూశాను. నిజం చెప్పండి చాలు అన్న పిల్ల, నిజం చెప్పిన ఆయన. వీళ్ల మధ్యలో నేను పొగ తాగిన వంకాయ తిన్నాను.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. వచ్చేటప్పుడు ఆమె చేతిలోనే పళ్లెం ఉంది. గడ్డమాయన అందుకోబోతే ఇవ్వలేదు. మావగారి పక్కకి వచ్చి నిలబడింది. పళ్లెంలో సొరకాయ ముక్కలు, మామిడికాయ పులుసులో ఉడికించినవి, మూడే. మావగారు పళ్లెం వైపు చూడనే లేదు. తలెత్తి కూతురి మొహం కేసి చూశారు. చాలా సేపు చూశారు. ఆమె చూపు తిప్పుకోలేదు.

“ఇది బావుంది,” అన్నారు.

అత్తగారి చేతిలో గ్లాసు ఒలికింది. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ ఆ మాట వినడం అదే మొదలు. అదీ ఇంకొకరి వంటకి.

“తినకుండానే?” అంది మరదలు.

“ఉప్పు పళ్లెం పంపినప్పుడు తలుపు చాటున ఉన్నావు. దీన్ని నువ్వే పట్టుకొచ్చావు.” ఆయన పళ్లెం ఆమె వైపుకి జరిపారు. “నేను తింటే ఇది వృథా. నువ్వు తిను. తిని నాకు చెప్పు, ఎలా ఉందో.”

ఆమె కూర్చుని ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. మావగారు కళ్లు మూసుకున్నారు.

“ముందు పులుపు వస్తుంది నాన్నా. మరీ ఎక్కువ కాదు, పళ్లు జివ్వుమనేంత కాదు. నాలుక పక్కల్లో మాత్రమే. అది తగ్గుతుండగా సొరకాయ తీపి. చాలా కొంచెం. వేయించిన జీలకర్ర ఒకటి పంటి కింద పడింది.”

“కారం?” అన్నారు ఆయన, కళ్లు తెరవకుండానే.

“ఆఖర్న. గొంతులో. మిరియాలది.”

మావగారు గుటక వేశారు.